దూరపు బడులు నునుపు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా అమలాపురంలో ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. ఒకటికి రెండుసార్లు వచ్చిన మాటలు తగ్గించాం. మాటతీరు మార్చలేదు.)

వేదిక మీదున్న పెద్దలకీ, ఎదురుగా ఉన్న తల్లిదండ్రులకీ, వెనక వరసల్లో ఉన్న పదో తరగతి పిల్లలకీ నమస్కారం. పిల్లలు ఇష్టపడి రాలేదని, మాస్టార్లు లైను కట్టించి తీసుకొచ్చారని నాకు తెలుసు. సర్వీసులో ఉండగా నేనూ అదే చేసేవాణ్ణి. (నవ్వులు)

నాకిచ్చిన అంశం ‘హైస్కూలు చదువు పిల్లల్ని ఎంతవరకు సిద్ధం చేస్తోంది’ అని. నిర్వాహకులు ఏమీ అనుకోకపోతే దాన్ని కాస్త పక్కకి జరుపుతాను. ఎంతవరకు సిద్ధం చేస్తోందో లెక్కలు కట్టి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. ఆ విషయంలో మనం ఏమనుకుంటున్నాం, దేన్ని చూసి అలా అనుకుంటున్నాం అన్నది నాకు కావాలి. ఎందుకంటే ఫీజు కట్టేటప్పుడు, బడి మార్చేటప్పుడు, ఎంపీసీనా బైపీసీనా అని తేల్చేటప్పుడు మనం ఏ లెక్కలూ చూడం. మనసులో ఉన్న అభిప్రాయాన్ని బట్టే వెళ్లిపోతాం.

ముందు అమెరికా సంగతి ఒకటి చెప్పి మన కాలవ గట్టు మీదకి వస్తాను. అక్కడ ఫై డెల్టా కప్పా అని విద్యారంగంలో పనిచేసేవాళ్ల సంఘం ఒకటుంది. ప్రభుత్వ బడుల గురించి జనం ఏమనుకుంటున్నారో 1969 నుంచి అడిగి ప్రకటిస్తోంది. మనం పిల్లలకి గ్రేడ్లు వేసినట్టే వాళ్లు జనం చేత బడులకి గ్రేడ్లు వేయిస్తారు. చాలా ఏళ్లుగా ఒక ధోరణి మాత్రం పెద్దగా మారలేదు. ‘మీ పిల్లవాడు చదివే బడి ఎలా ఉంది’ అంటే చాలామంది మంచి గ్రేడే ఇస్తారు. ‘మీ ఊళ్లో బడులు’ అంటే కాస్త తగ్గిస్తారు. ‘దేశం మొత్తం మీద బడులు’ అనేసరికి పెదవి విరుస్తారు. కళ్లతో చూసిన బడి పర్వాలేదు, చెవులతో విన్న బడి పాడైపోయింది అన్నమాట.

మన గోదావరి జిల్లాల్లో అలాంటి సర్వే చేస్తే ఈ వరస తిరగబడుతుందని నా అనుమానం. పొద్దున్న ఏడింటికి ఏ ఊరి కాలవ గట్టు మీదైనా నిలబడండి. పసుపు రంగు బస్సు జిల్లా పరిషత్ హైస్కూలు గేటు ముందు నుంచే పోతుంది. ఆ గేటుకి ఎదురింటి పిల్లలు కూడా ఆ బస్సే ఎక్కుతారు. ఊళ్లో బడి కంటే మండల కేంద్రంలో కాన్వెంటు నయం, దాని కంటే అమలాపురంలోది నయం, అంతకంటే రాజమండ్రి, భీమవరం. విజయవాడ హాస్టలైతే ఇంకా గొప్ప. హైదరాబాదు అన్నారంటే ఇక మనం నోరెత్తక్కర్లేదు. ఎన్ని కిలోమీటర్లు పెరిగితే అంత మంచి చదువు. దూరపు కొండలు నునుపు అన్నది మనవాళ్లే కదండీ.

బస్సెక్కించి వస్తున్న ఒకాయన్ని అడిగాను, ‘ఏమండీ, మన హైస్కూల్లో లెక్కల మాస్టారు ఎలా చెబుతారు?’ అని. ‘ఆయ్, బాగానే చెబుతారంటండి’ అన్నాడు. ‘మరి పంపరేం?’ అన్నాను. కాసేపు ఆలోచించి, ‘అంటే... ఎవరూ పంపట్లేదు కదండి’ అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ బడి మీద ఆయనకి కోపం లేదు, ఫిర్యాదూ లేదు. అసలు లోపలికి వెళ్లి చూసిన మనిషే కాదు. పక్కింటివాళ్ల అభిప్రాయం చూసి తన అభిప్రాయం పెట్టుకున్నాడు. ఆ పక్కింటివాళ్లు ఈయన్ని చూసి పెట్టుకున్నారు.

మన ప్రాంతం మొదటి నుంచీ ఇలా లేదు. ఈ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది, పిల్లల కోసం చెబుతున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాకి నీళ్లొచ్చాయి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ పదేళ్లలోనే రాజమండ్రి సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ నరసాపురంలోనూ ఆ చుట్టుపక్కలా తెలుగు బడులు పెట్టించాడు. నరసాపురంలో టేలర్ హైస్కూలు పేరు ఆయనదే. అయితే నాకు టేలర్ కంటే రైతులే గొప్పగా కనిపిస్తారు. ఊళ్లకి ఊళ్లు శిస్తుతో పాటు బడి కోసం వేరే పన్ను కడతామని ఒప్పుకున్నాయి. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. ఆ పద్ధతికి చట్టం అండ కావాలనే మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యా చట్టం తెచ్చింది. అంటే మన వరి రైతులు చేసిన పని మద్రాసులో చట్టానికి దారి తీసింది.

వాళ్లు బడి నుంచి ఏం కోరుకున్నారు? నా ఊహ చెబుతాను. కరణంగారు రాసిన లెక్క తమ కొడుకు చదవగలగాలి. శిస్తు రశీదులో ఎంత రాసిందో తెలియాలి. నోటు మీద వేలిముద్ర వేసే ముందు అందులో ఏముందో చదివి చెప్పేవాడు ఇంట్లో ఒకడుండాలి. బడి అందుకు పనికొచ్చిందా లేదా అన్నది ఆ ఇంట్లోనే, ఆ ఏడే తేలిపోతుంది. పేపర్లో చూసి తెలుసుకోనక్కర్లేదు.

ఆ తర్వాత వందేళ్లకి ఎస్సెల్సీ రోజులు. ఎస్సెల్సీ పాసైనవాడు ట్రైనింగు చేసి బడిపంతులయ్యేవాడు, గుమస్తా అయ్యేవాడు. హైస్కూలు చదువుకి ఒక చివర ఉండేది. చివర ఉంది కాబట్టి సిద్ధమయ్యాడా లేదా అని అడగడానికి వీలుండేది. 1969లో మన రాష్ట్రానికి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. మంచిదే. కానీ అక్కణ్ణుంచి హైస్కూలు మెల్లగా రావులపాలెం సెంటర్ లాంటిది అయిపోయింది. అక్కడ దిగేవాళ్లెవరూ ఉండరు, బస్సు మారేవాళ్లే. ఏ బస్సు దొరికింది అన్నదే ప్రశ్న. పదో తరగతి పిల్లాడు ఎదురైతే మనమంతా అడిగేది రెండే, ‘600కి ఎన్ని?’, ‘ఎక్కడ చేరుతున్నావ్?’ ఏం నేర్చుకున్నావని ఎవరమైనా అడిగామా? నేనూ పెద్దగా అడగలేదు లెండి.

ఇప్పుడు ఈ ‘ఎన్ని’ అనే దాన్ని పట్టుకుని అభిప్రాయం పెట్టుకుంటే ఏమవుతుందో చూడండి. 2019లో రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. అప్పటి ఉమ్మడి తూర్పు గోదావరి 98 శాతం దాటి రాష్ట్రానికే మొదటి స్థానంలో ఉంది. స్వీట్లు పంచుకున్నాం. కోవిడ్ వల్ల 2020లో, 2021లో పరీక్షలే లేవు, అందరూ పాస్. 2022లో పరీక్ష పెడితే 67.26 శాతం. ఎంత గోల జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మాస్టార్లు చెప్పట్లేదన్నారు, సెల్‌ఫోన్లు పిల్లల్ని పాడుచేశాయన్నారు, ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. 2023లో 72.26. 2024లో 86.69. హమ్మయ్య అనుకున్నాం. 2025లో మళ్లీ 81.14.

ఆరేళ్లలో మన పిల్లలు తెలివైనవాళ్లు, మొద్దులు, మళ్లీ తెలివైనవాళ్లు అయిపోయారా? ఏం జరిగిందంటే, 2019 దాకా ప్రతి సబ్జెక్టులోనూ 20 ఇంటర్నల్ మార్కులు బడిలోనే వేసేవాళ్లం. అవి తీసేశారు. పదకొండు పేపర్లని ఏడు చేశారు, మరుసటేడు ఆరు చేశారు. మధ్యలో రెండేళ్లు చదువంతా ఫోన్లో నడిచింది, ఫోన్లేని ఇంట్లో అదీ లేదు. అంటే ఈ అంకెల్లో పిల్లల చదువు ఎంతో, పరీక్ష పద్ధతి ఎంతో విడదీయడం చాలా కష్టం. మన అభిప్రాయం మాత్రం ఆ అంకెతో పాటు లేస్తూ పడుతూ ఉంది.

ఇక ఫ్లెక్సీల సంగతి. 2012లో గ్రేడ్లు వచ్చినప్పుడు ‘10/10’ అని వేశారు, మార్కులు తిరిగొచ్చాక ‘590 ప్లస్’ అని వేస్తున్నారు. ఎర్ర వంతెన దగ్గర్నుంచి గడియార స్తంభం దాకా పిల్లల ఫొటోలే. ఆ పిల్లలు కష్టపడ్డారు, కాదనను. నేను తల్లిదండ్రులకి చెప్పేది ఒక్కటే. ఫ్లెక్సీ చూసి బడిలోకి వెళ్లినప్పుడు, ‘మీ దగ్గర తొమ్మిదో తరగతిలో ఎంతమంది ఉన్నారండీ, వాళ్లలో పది ఎంతమంది రాశారండీ’ అని అడగండి. మిగతావాళ్లు ఏమయ్యారని అడగండి. తొమ్మిదిలో వెనకబడ్డ పిల్లాడికి టీసీ చేతిలో పెట్టి పంపిస్తే, ఆ పిల్లాడు ఊరి హైస్కూలుకే వస్తాడు, మా లెక్కలోనే ఫెయిలవుతాడు. వంద శాతం వాళ్లది, డెబ్బై శాతం మాది. అన్ని ప్రైవేటు బడులూ ఇలా చేస్తాయని అనడం లేదు. చేసేవి ఉన్నాయి, ఆ సంగతి ఇక్కడున్న మాస్టార్లందరికీ తెలుసు.

మార్కులు కాకుండా పిల్లలకి ఏమొచ్చో చూసే ప్రయత్నాలూ ఉన్నాయి. అసర్ అని ఒక సర్వే ఉంది. 2023లో 14 నుంచి 18 ఏళ్ల పల్లెటూరి పిల్లల్ని వాళ్ల ఇళ్లకే వెళ్లి పరీక్షించారు. దేశం మొత్తం మీద 28 జిల్లాలు. మన రాష్ట్రం నుంచి శ్రీకాకుళం తీసుకున్నారు, మన జిల్లా అందులో లేదు. కాబట్టి ఇది మన పిల్లల లెక్క అని నేననను. కానీ వాళ్లు అడిగిన తీరు నాకు నచ్చింది. స్కేలు పక్కన ఒక వస్తువు బొమ్మ పెట్టి పొడవెంత అని అడిగారు. వస్తువు సున్నా దగ్గర మొదలైతే నూటికి 85 మంది దాకా సరిగ్గా చెప్పారు. అదే వస్తువుని కొంచెం జరిపి, సున్నా దగ్గర కాకుండా పెడితే 39 మందే చెప్పగలిగారు.

మాస్టార్లూ, ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. స్కేలు అదే, పిల్లాడూ అదే. జరిగింది సున్నా ఒక్కటే. మనం బోర్డు మీద ఎప్పుడూ సున్నా దగ్గరే మొదలుపెట్టి చూపిస్తాం. గైడులోనూ అలాగే ఉంటుంది, పరీక్షలోనూ అలాగే వస్తుంది. వడ్రంగి దగ్గర పనికి చేరిన కుర్రాడి టేపు మొదట్లో అరిగిపోయి ఉంటుంది. వాడు పది అంగుళాల దగ్గర పట్టుకుని కొలిచి, పది తీసేస్తాడు. అది వాడికి ఎవరూ పాఠం చెప్పలేదు.

అదే సర్వేలో అప్పు తిరిగి కట్టే లెక్క ఇచ్చారు. తీసివేతలు వచ్చిన పిల్లల్లో కూడా ఆ లెక్క చేయగలిగింది పది శాతం దాకానే. మన దగ్గర చూద్దామా? వెనక వరస పిల్లలూ, నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం?

(కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ‘రెండు శాతమండి’ అని ఒకరిద్దరు అన్నారు. తర్వాత ఒక అమ్మాయి లేచి ‘ఇరవై నాలుగండి’ అంది.)

శభాష్. ఎలా తెలుసమ్మా?

(‘మా అమ్మ డ్వాక్రా పుస్తకం నేనే రాస్తానండి.’)

విన్నారు కదా. చక్రవడ్డీ సూత్రం ఈ పిల్లలందరికీ వచ్చు, నేను అడిగితే గడగడా అప్పజెబుతారు. ‘రెండు రూపాయల వడ్డీ’ అన్నది నెలకని, అది ఏడాదికి 24 అవుతుందని, బ్యాంకు పంట రుణం వడ్డీతో పోలిస్తే ఎన్ని రెట్లో చూసుకోవాలని, ఇది మాత్రం ఆ అమ్మాయికి వాళ్లమ్మ పుస్తకం నేర్పింది. అరుగు మీద పెద్దవాళ్లు ఒక రకంగా చెప్పే వడ్డీ, పుస్తకంలో ఇంకో రకంగా ఉండే వడ్డీ, రెండూ ఒకటేనని కలిపి చూపించడానికి మాకు ఒక్క పీరియడు చాలు. ఆ ఒక్క పీరియడు ఎందుకు దొరకదో తర్వాత చెబుతాను.

ఈలోగా మా పాత విద్యార్థి ఒకడి గురించి చెప్పాలి. ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల మీద ఉంటాడు. పదిలో సైన్సు మార్కులు బాగానే వచ్చాయి, ఇంటర్ మధ్యలో మానేశాడు. ఒకసారి అటు వెళ్తే చెరువు గట్టు మీద షెడ్డులో కూర్చోబెట్టి కొబ్బరి బొండం కొట్టి ఇచ్చాడు. నేను తాగుతుండగానే చిన్న గాజు గొట్టంలో చెరువు నీళ్లు పట్టి, కిట్‌లోంచి చుక్కలు వేసి, రంగుల కార్డు పక్కన పెట్టి చూసి, రిజిస్టర్లో రాసుకున్నాడు. పీహెచ్ 8.6. పైన పొద్దుటిది కూడా రాసి ఉంది, 7.8. అప్పుడు అడిగాడు, ‘మాస్టారూ, రోజూ ఇదే వరసండి. పొద్దున్న తక్కువుంటది, మూడింటికి పెరిగిపోతది. మందేమీ వెయ్యకపోయినా పెరుగుతది. ఎందుకంటారు?’

నేను చెరువు వైపు చూపించి నీళ్లు ఏ రంగులో ఉన్నాయిరా అన్నాను. పచ్చగా ఉన్నాయండి, ప్లాంక్టన్ బాగా కట్టింది అన్నాడు. ఆ పచ్చ ప్లాంక్టన్ అంటే నీళ్లలో తేలే సన్న సన్న మొక్కలే కదా, ఎండలో మొక్క ఏం చేస్తుంది అన్నాను. కిరణజన్య సంయోగక్రియ అన్నాడు, అక్షరం తప్పు పోకుండా. దానికి ఏం పీల్చుకుంటుంది? కార్బన్ డై ఆక్సైడ్ అండి. అది నీళ్లలో కరిగితే నీళ్లు ఆమ్లమా క్షారమా? ఆమ్లమండి. మరి ఎండ పెరిగేకొద్దీ మొక్కలు దాన్ని నీళ్లలోంచి లాగేసుకుంటుంటే?

కొంచెం సేపు నా మొహంలోకే చూశాడు. ‘ఓరి... అదాండి! పొద్దున్నకి తగ్గేది కూడా అందుకేనాండి, రాత్రంతా వదుల్తాయి కాబట్టి?’ అన్నాడు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే ఏరేటర్లు ఎందుకు తిప్పాలో కూడా వాడే చెప్పేశాడు. తర్వాత వాడన్న మాట నేను మర్చిపోలేను. ‘అది ఎన్ఎస్‌లో చెప్పారండి, ఇది పీఎస్‌లో చెప్పారు. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు.’ ఎన్ఎస్ అంటే జీవశాస్త్రం, పీఎస్ అంటే భౌతిక రసాయన శాస్త్రాలు.

అదే పదో తరగతి, అదే ఏడాది, రెండు పుస్తకాలు, రెండు పీరియడ్లు. బడి వాడికి కావాల్సినవన్నీ ఇచ్చింది. కలపమని అడగలేదంతే. పరీక్ష అడగలేదు కాబట్టి బడి కూడా అడగలేదు.

ఇందులో రెండో పక్క కూడా ఉంది. అదే కుర్రాణ్ణి, ‘బడి చదువు నీకేమైనా ఉపయోగపడిందా’ అంటే, ‘లేదండి, అంతా ఇక్కడే నేర్చుకున్నాను’ అన్నాడు. రిజిస్టరు వాడి చేతిరాతే. మేత బస్తా మీద ఇంగ్లీషులో ఉన్నది చదువుతాడు. కిలో రొయ్యలు తూచి యాభై లెక్కపెట్టి, యాభై కౌంటు కాబట్టి రొయ్య ఇరవై గ్రాములు అని నోటితోనే చెబుతాడు. కౌంటు తగ్గితే రేటు ఎందుకు పెరుగుతుందో, ఇంకో పది రోజులు మేపితే మేత ఖర్చు పోను ఎంత మిగులుతుందో లెక్కేసి యజమానికే సలహా ఇస్తాడు. ఇదంతా ఆకాశంలోంచి ఊడిపడలేదు. చదవడం, రాయడం, విలోమానుపాతం, అన్నీ మా బడిలో గోడకేసి కొట్టి నేర్పినవే. (నవ్వులు) బాగా వంటబట్టిన చదువు చదువులా కనిపించదు. అందుకని జనాభిప్రాయం రెండు వైపులా తప్పుతుంది. ట్యూషన్ మాస్టారు తెప్పించిన ర్యాంకు బడి ఖాతాలో పడుతుంది, బడి నేర్పింది ఎవరి ఖాతాలోనూ పడదు.

ఇంటర్ లెక్చరర్లని అడిగితే వేరే పాట. ‘టెన్త్‌లో 95 వచ్చినవాడు కూడా, ఇటు ప్లస్ అటు వెళ్తే మైనస్ ఎందుకవుతుందో చెప్పలేకపోతున్నాడండి’ అంటారు. నిజమే. వాళ్లు మమ్మల్ని అంటారు, మేం ఎలిమెంటరీ మాస్టార్లని అంటాం, వాళ్లు తల్లిదండ్రుల్ని అంటారు, తల్లిదండ్రులు సెల్‌ఫోన్ని అంటారు. సెల్‌ఫోన్ పాపం ఎవర్నీ ఏమీ అనలేదు.

ఇంగ్లీషు మీడియం గురించి మాట్లాడకపోతే ఊరుకోరు కాబట్టి రెండు ముక్కలు. ఇంగ్లీషు కావాలి, అందులో సందేహం లేదు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు 2020 తర్వాత వచ్చాయి, అవి మంచి ఆలోచన. కానీ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడితే చదువొచ్చినట్టే అనుకునే తండ్రి, అదే పిల్లాడి చేత ఇంట్లో ఉన్న పట్టాదారు పాసు పుస్తకమో, పొలం వివరాలుండే అడంగల్ కాగితమో ఒకసారి చదివించి చూడాలి. మూడు రకాల బడులు మారినా అది చదవలేని పిల్లల్ని నేను చూశాను.

ఇప్పుడు ఆ ఒక్క పీరియడు సంగతి. పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక ఉంటుందని పిల్లలకి తెలుసు, వాళ్లే దాని బాధితులు. పొద్దున్న స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, రోజూ స్లిప్ టెస్టు. పిల్లల్ని ఎ, బి, సి అని విడదీస్తాం. ఎ వాళ్లకి 590. సి వాళ్లకి 35. సి వాళ్ల కోసం వేరే మెటీరియల్ ఉంటుంది, ఏ పటం గీస్తే ఎన్ని మార్కులు, ఏ బొమ్మకి పేర్లు పెడితే ఎన్ని, ఏ నాలుగు ప్రశ్నలు బట్టీ పడితే గట్టెక్కుతారు అని. హిందీకైతే 20 చాలు కాబట్టి దాన్ని ఇంకా తేలిగ్గా వదిలేస్తాం. పై నుంచి రోజూ ఫోన్లు. ‘మీ బడి శాతం ఎంతొస్తుంది?’ అని. టెన్షన్ మాస్టార్లది, నిద్ర లేకపోవడం పిల్లలది.

ఈ సి గ్రూపు పిల్లలు ఎవరు? వాళ్లలో ఎక్కువమంది రేపు ఇక్కడే ఉంటారు. కొబ్బరి దింపుల్లో, వలుపుల్లో, చెరువుల మీద, మెకానిక్ షెడ్డుల్లో, టైల్స్ పనిలో. కొందరు గల్ఫ్ వెళతారు. డెల్టా బతుకంతా నడిపేది వాళ్లే. వాళ్లకి హైస్కూలుతో ఉన్న ఆఖరి వంద రోజులు 35 దాటించడానికే ఖర్చయిపోతున్నాయి. ఇరవై నాలుగు శాతం వడ్డీ సంగతీ, కొలత టేపు సంగతీ, గల్ఫ్ ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఏముందో చూసుకునే సంగతీ ఎక్కువ కావాల్సింది వాళ్లకి. ఎ గ్రూపు పిల్లాడు ఎక్కడున్నా నేర్చుకుంటాడు. ఇందులో మాస్టార్ని తప్పు పట్టి లాభం లేదండి. ఊరంతా శాతమే అడుగుతుంటే మాస్టారు మాత్రం వేరే ఏం చేస్తాడు?

జనాభిప్రాయం మారదని నేను అనను. మారుతుంది, నేను చూశాను. 2008లో నూజివీడు ట్రిపుల్ ఐటీ పెట్టి, పదో తరగతి మార్కులతోనే సీట్లిస్తామని, ప్రభుత్వ బడి పిల్లలకి కొంచెం అదనపు వెయిటేజీ ఇస్తామని అన్నాక, అంతకుముందు మా గేటు వైపు తిరిగి చూడనివాళ్లు ఎనిమిదో తరగతికి పిల్లల్ని తెచ్చి మా దగ్గర చేర్పించారు. ఆ ఏడాది మేం కొత్తగా ఏమీ చెప్పలేదు. అదే బల్లలు, అదే బోర్డు, అదే నేను. మారింది చివర ఉన్న సీటు. సీటు బాగుంటే బడి బాగున్నట్టే. సంతోషించాలో బాధపడాలో నాకు అర్థం కాలేదు. సంతోషించాను లెండి, పిల్లలొచ్చారు కాబట్టి.

పది తర్వాత ఏమేం దారులున్నాయో చెప్పాల్సింది కూడా మేమే. పాలిటెక్నిక్ ఉంది. కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ 1946 నుంచి ఉంది. పాలిసెట్ ప్రశ్నలన్నీ పదో తరగతి పుస్తకాల్లోంచే వస్తాయి. ఐటీఐలు ఉన్నాయి, ఇంటర్‌లోనే ఒకేషనల్ కోర్సులున్నాయి. ఇవన్నీ మేం చెప్పే లోపల మార్చి నెలలోనే కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటారు. బాబు చాలా షార్పండి, ఇప్పుడు కడితే ఫీజులో ఇంత తగ్గింపండి అంటారు. ఇంకా పరీక్షలు రాయలేదు వాడు! తల్లేమో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరింట్లోనో పనిలో ఉంటుంది. ఆవిడకి వాట్సాప్‌లో మార్కుల ఫొటో వస్తుంది, పీఆర్వో ఇచ్చిన కరపత్రం ఫొటో వస్తుంది. అంత దూరం నుంచి ఆ రెండూ చూసి కాక ఇంకేం చూసి నమ్ముతుంది? ఆవిడని నేను ఒక్క మాట అనను. ఇక్కడే ఉండి బడి గేటు దాటని మనల్ని మాత్రం అంటాను. 2024 డిసెంబరులో రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు, 2025 జులైలో మళ్లీ పెట్టారు. భోజనాలు బాగున్నాయన్నారు, ఫొటోలు దిగారు. మంచిదే. పిల్లాడి నోటుబుక్కు తెరిచి, ‘ఈ లెక్క ఎందుకు ఇలా చేశారండీ’ అని అడిగిన తండ్రి ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, శాలువా కప్పుతాను.

ఇక ఒక పని అడిగి కూర్చుంటాను. హైస్కూలు ఎంతవరకు సిద్ధం చేసిందో నిజంగా తెలిసేది ఎవరికి? పిల్లాడికి అప్పుడు తెలియదు. మాకు తెలియదు, వాడు వెళ్లిపోయాక ఏమయ్యాడో మేం చూడం. పది పాసై అయిదారేళ్లయినవాళ్లకి తెలుస్తుంది. వాళ్లందరూ సంక్రాంతికి కోనసీమలోనే ఉంటారు. ఆ మూడు రోజుల్లోనే ప్రతి హైస్కూల్లోనూ పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు పెడుతున్నారు. మమ్మల్ని పిలుస్తారు, శాలువాలు కప్పుతారు, కాళ్లకి దండం పెడతారు, మా చేతి దెబ్బలు గుర్తుచేసుకుని నవ్వుకుంటారు. బిర్యానీ తిని వచ్చేస్తాం. అంతమంది జవాబులు తెలిసినవాళ్లు ఒకచోట ఉండగా ఒక్క ప్రశ్న కూడా అడగం.

ఈసారి సంక్రాంతికి భోజనాల ముందు ఒక అరగంట తీయండి. పేరు రాయనక్కర్లేకుండా తలా ఒక చీటీ ఇవ్వండి. బడిలో నేర్చుకున్నదాంట్లో నీకు నిజంగా పనికొచ్చింది ఏది, బడి నేర్పుంటే బాగుండేది అనిపించింది ఏది, ఏది నేర్పకుండా వదిలేసినా నష్టం లేదు, అని రాయమనండి. మార్కులెన్నో, జీతమెంతో అడగొద్దు. ఆ చీటీలు హెడ్మాస్టరుగారు ఒక్కరే చదివి బీరువాలో పెట్టేయకూడదు. పాఠశాల కమిటీలో పైకి చదవాలి, పదో తరగతి తల్లిదండ్రులు కూడా ఉండగా.

ఒకటే ఇబ్బంది ఉంది. ఈ సమ్మేళనాలకి వచ్చేది పాసైనవాళ్లు, ఉద్యోగాలొచ్చినవాళ్లు. మధ్యలో మానేసినవాళ్లు, ఫెయిలైనవాళ్లు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఉండరు, పిలిచినా మొహమాటపడతారు. వాళ్ల చీటీలు లేకపోతే మళ్లీ ఫ్లెక్సీ వేసినట్టే అవుతుంది. నంబర్లు లేకపోయినా ఊళ్లో ఎవరిని అడిగినా వాళ్లిల్లు చెబుతారు. కార్యదర్శిగారు, చీటీల ఖర్చు నాది. ఇళ్లకి వెళ్లే పని మాత్రం మీ కుర్రాళ్లు పంచుకోవాలి, డిసెంబరు నెలాఖరులోపు మొదలుపెట్టాలి.